చిక్కటి నూనె

బుజ్జమ్మ కారు నేర్చుకున్నది నలభై దాటాక, అదీ రోడ్డు మీద కాదు, రసాల తోటలో చెట్ల వరసల మధ్య. నేర్పినవాడు భర్త సీతారామాంజనేయులు. ఆ కారు ఏనాడో ఇంగ్లండు నుంచి దిగిన రెండు సీట్ల ఎర్ర స్పోర్ట్సు కారు. విజయవాడలో ఒక గోదాములో తుప్పు పట్టి పడుంటే తెచ్చుకుని, ఏళ్ళ తరబడి కూర్చుని ప్రాణం పోశాడాయన. "మామిడికాయలమ్మి బొమ్మ కొనుక్కున్నాడు" అని ఊరంతా నవ్వితే ఆయనా వాళ్ళతో కలిసి నవ్వాడు.

ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. తోటలో తొలిగా పండిన కాయ ఎవరూ నోట పెట్టకూడదు. గంపలో వరిగడ్డి పరిచి, పండ్లు పేర్చి, ఆగిరిపల్లి కొండ మీది స్వామికి ఇచ్చి రావాలి. ఆయన ఉన్నన్నాళ్ళూ ఆ గంప ఎర్ర కారులో బుజ్జమ్మ ఒళ్ళో వెళ్ళేది. ఆయన పోయాక గంప పక్క సీట్లోకి, బుజ్జమ్మ స్టీరింగు ముందుకి మారారు. కొంగు నడుముకి దోపి ఆవిడ వెళ్తుంటే కాయ కోసేవాళ్ళు చిక్కాల గెడలు దించి చూసేవారు. దణ్ణం పెట్టినవాళ్ళూ ఉన్నారు. స్వామివారి గంపకో, ఆవిడకో వాళ్ళకే తెలియాలి. ఒకరి వీలు చూసుకోకుండా, ఒకరిని అడగకుండా గడప దాటడానికి ఆవిడకి మిగిలింది ఆ సీటొక్కటే.

మరిది సుభాష్ చెడ్డవాడు కాడు. ఆ మాట ముందే చెప్పుకోవాలి. అన్న పోయాక వదిన బోరు మోటారు కాలితే తనే బాగు చేయించాడు. ఆవిడ కంటి ఆపరేషనుకి తనే తీసుకెళ్ళి, వార్డు బయట చెక్కబల్ల మీద పడుకున్నాడు. పనసకాయ కోస్తే మొదటి తొనలు వదినకే. అలాంటివాడు ఒక వానాకాలం పొద్దున డబ్బా ఒకటి చంకన పెట్టుకొచ్చి, కారు గేరుబాక్సులో ఆయిలు మారుస్తానన్నాడు.

"మంచి సరుకు తెచ్చా వదినా. మన ట్రాక్టరుకి పోసేదే. బురదలో దమ్ము చేసినా గేరు అరగదు."

బుజ్జమ్మ మూత తీసింది. కుళ్ళిన గుడ్డులా గంధకం వాసన గుప్పుమంది.

"ఇది కాదు సుభాషూ. మీ అన్నయ్య ఇంజన్లో పోసే ఆయిలే దీన్లోనూ పోసేవారు. కింద పళ్ళెం పట్టుకున్నదాన్ని నేనేగా!"

"ఇంజనాయిలు గేరుబాక్సులోనా? ఎవరన్నా వింటే నవ్వుతారు. నీళ్ళలా జారిపోతుందది."

"నేనూ అదే అడిగా. మనింట్లో పప్పుకీ పులిహోరకీ ఒకటే నూనె కాదూ అన్నారు. కారు చేసినవాళ్ళే అలా పొయ్యమన్నారట."

"వంటింటి నూనె సంగతైతే నువ్వు చెప్పు, నోరు మూసుకుని వింటా. ఇవి గేర్లు."

వాకిలి ఊడుస్తున్న సవరమ్మ నడుం నిలబెట్టింది. "బాబుగారూ, నడిపేది ఎవరో కూడా తమరే సెలవియ్యండి."

సుభాష్ నవ్వేశాడు. మామిడి తోటల వాళ్ళ నమ్మకమే అంత. రసం చిక్కగా ఉంటేనే కాయ, పాలు చిక్కగా ఉంటేనే గేదె. నూనె మాత్రం పల్చగా ఉంటే మంచిదని ఎలా ఒప్పుకుంటారు? బుజ్జమ్మ గట్టిగా వద్దనబోయింది. ఆ చెక్కబల్ల గుర్తొచ్చింది. మంచి చేసిన చేతిని తోసెయ్యడం ఆవిడకి చాతకాదు.

"సరే, నీ ఇష్టం" అంది.

మర్నాటి నుంచే గేరు మొరాయించింది. వేసిన ప్రతిసారీ కర్రుమని అరిచేది.

"అలవాటు పడాలి వదినా."

"కారా, నేనా?"

ఆ ఆయిలు తీయించేద్దామని ఒకసారి అడిగి చూసింది. "నేను పోసింది పారబోస్తావా?" అని సుభాష్ చిన్నబోయాడు. ఆవిడ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఎండలు ముదిరాయి. తొలి రసాలు పండాయి. గంపతో బయల్దేరిన బుజ్జమ్మకి కొండ ఇంకా దూరాన ఉండగానే చేతిలో గేరు రాడ్డు ఎటు తోస్తే అటు వాలిపోయింది. ఇంజను ఆడుతూనే ఉంది. కారు మాత్రం కదల్లేదు.

వెనకొచ్చిన ఆటో ఆగింది. అందులో అప్పటికే కిక్కిరిసి ఉన్న ఆడవాళ్ళు అడక్కుండానే సర్దుకున్నారు. ఒకావిడ తన అన్నం క్యారేజీ కాళ్ళ దగ్గర పెట్టుకుని ఒళ్ళు ఖాళీ చేసింది. "స్వామివారి పండ్లు కింద పెట్టకూడదమ్మా" అంటూ ఆ గంపని ఒళ్ళోంచి ఒళ్ళోకి మార్చుకుంటూ కొండ దాకా తెచ్చారు. ఒక్క పండు నలగలేదు. బుజ్జమ్మ హారతి కళ్ళకద్దుకుంది గానీ, ఏం కోరుకోవాలో తోచలేదు.

నూజివీడు మెకానిక్కు ఉదయ్ కిరణ్ ఇంటికొచ్చి, వాకిట్లోనే గేరుబాక్సు విప్పాడు. నల్లగా మాడి, పళ్ళరిగిన ఇత్తడి రింగులు గుడ్డ మీద పరిచాడు.

"గేర్లు ఒరుసుకోకుండా కలిపేవి ఇవేనమ్మా. ఈ ఆయిల్లో ఉండే గంధకం మందు ఇత్తడిని తినేస్తుంది. ట్రాక్టరుకి మంచిదే, దీనికి విషం. ఇంజనాయిలు పోసుంటే సరిపోయేది. ఈ కారు చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. అడిగినచోటల్లా రింగులు లేవన్నారు."

సుభాష్ తల పట్టుకున్నాడు. "అయ్యో! ఈ ముక్క అప్పుడే ఎవరన్నా చెప్పుంటే ఎంత బాగుండేది!"

సవరమ్మ చీపురు ఆగిపోయింది. బుజ్జమ్మ మరిది మొహంలోకి చూసింది. నటన కాదు. నిజంగానే గుర్తులేదు. ఆ రోజు ఆవిడన్న మాట అతని చెవిన పడనే లేదు. గేర్లు పోయినందుకు కాదు గానీ, అది తెలిసినందుకు ఆవిడ నోరు చేదైపోయింది.

"ఆడమనిషి చేతిలో గేర్లు నిలుస్తాయా?" అని ఊళ్ళో అనుకున్నారు. సుభాష్ అనలేదు. కాదనీ అనలేదు. వాన చుక్క పడకుండా కారుకి పట్టా మాత్రం తనే శ్రద్ధగా కట్టాడు.

మరుసటేడు తొలి పండ్ల గంప సుభాష్ కొత్త కారులో బయల్దేరింది. వెనక సీట్లో వదిన నడుముకి దిండు కూడా పెట్టాడు. గంప ఆవిడ ఒళ్ళో ఉంది.

"చూశావా వదినా, గేరు వెన్నలా పడుతోంది."

"ఏ ఆయిలు పోయించావు?"

"కంపెనీ వాళ్ళు చెప్పిందే. సొంత తెలివి చూపిస్తే గేరుబాక్సు పోతుంది."

"ఎవరు చెప్పారు నీకా మాట?"

"షోరూములో ఎవడో కొత్త కుర్రాడు" అన్నాడు సుభాష్, అద్దంలోంచి ఆప్యాయంగా చూస్తూ. "తెలిసినవాళ్ళు చెప్తే వినాలి కదా, వదినా!"