తడి ఆరని నేల మీద చెక్కలు

కర్ర గురించి నాకు ఒకరు చెప్పాల్సిన పని లేదనే పొగరు నాకు మొదటి నుంచీ ఉండేది. నిజామాబాద్‌లో ఒక సామిల్లులో పదేళ్లు పనిచేశాను. చెక్కను గోటితో తట్టి అది ఎండిందో పచ్చిగా ఉందో చెప్పేవాణ్ని. ఆ పొగరే నా కొంప ముంచింది.

తొంభైల మొదట్లో మాట. నా బిడ్డకు ఐదేళ్లు. రెండో ఏడు నిండకముందే పోలియో వచ్చి కుడికాలు సన్నబడిపోయింది. ఆ ఏడు చలికాలంలో ఇనుప కడ్డీల బూటు వేయించాము. జూన్‌లో బడి తెరిచేనాటికి అది ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నడవాలని నా పంతం. నిజామాబాద్ కంఠేశ్వర్‌లో ఉండే డాక్టరు ఉన్నమాట చెప్పాడు. "పడకుండ నడక రాదు. పడ్తది. బండల మీద పడకుండ సూసుకో, అంతే."

మా ఇంట్లో ఉన్నవే ఎగుడుదిగుడు షాబాదు బండలు. వారం తిరక్కుండానే పడి నుదురు పగిలింది. మూడు కుట్లు పడ్డాయి. సూది దిగుతున్నప్పుడు ఆ పిల్ల ఏడవలేదు. నేను ఏడ్చాను. ఇంటికి రాగానే బండలు పీకించి, కాంక్రీటు పోయించి, దాని మీద చెక్కలు పరవాలని తేల్చుకున్నాను. చెక్క మీద పడితే దెబ్బ అంత గట్టిగా తగలదు కదా. వాడకట్టంతా నవ్వింది. "ఇంట్ల నాటకం ఆడిస్తవా, స్టేజీ కడ్తున్నవ్?" అన్నారు. నవ్వితే నవ్వారు.

కాంక్రీటు పోసిన మేస్త్రి నాకంటే చిన్నవాడు. పోతూ పోతూ, "అన్నా, ఇరవై దినాలు పొద్దుమాపు నీళ్లు పట్టు, గట్టిపడ్తది" అన్నాడు. నాది అతి జాగ్రత్త. గడపల దగ్గర మట్టికట్ట వేసి నెలరోజులు నీళ్లు నిలబెట్టాను. ఆ నెలంతా మేము వంటింట్లోనే పడుకున్నాము. నీళ్లు తీసేసిన వారానికి నేల తెల్లబడింది. అరచెయ్యి ఆనించి చూస్తే పొడిగా తగిలింది. ఇక చెక్కలు పరవొచ్చా అని మేస్త్రిని అడగొచ్చు. కాని కర్రపనివాడు పోయి గోడపనివాణ్ని అడగడమా? అడగలేదు.

బోధన్‌లో ఒక పాత పెంకుటిల్లు విప్పుతుంటే టేకు చెక్కలు తెచ్చాను. ఏళ్ల తరబడి ఎండిన కర్ర. నేల మీద రీపర్ల కర్ర పట్టీలు బిగించి, చెక్కలను రంధా పట్టి నున్నగా చేసి, సందులో వెంట్రుక కూడా దూరకుండా దగ్గరగా కొట్టాను. బిడ్డ దాని మీద నడుస్తుంటే బూటు చప్పుడు టకటకమని వినిపించేది. పడేది, లేచేది. ఒక్కోసారి పడి నవ్వేది కూడా. అలా గడిచిన మూడు వారాలూ ఊళ్లో నా అంత మొనగాడు లేడనుకున్నాను.

తర్వాతి ఆదివారం మా ఇంట్లో ప్రార్థన కూటం. ప్రార్థనకు జనం వస్తున్నారంటే ముందురోజు ఇల్లు కడగాల్సిందే. అది నన్ను కన్న మా అవ్వ పట్టింపు. నేను పని నుంచి వచ్చేసరికి అవ్వ చెక్కల మీద బకెట్లతో నీళ్లు గుమ్మరించి చీపురుతో తోస్తోంది. నా నోటికి అడ్డూ ఆపూ లేకుండా పోయింది. నా తల్లిని అనరాని మాటలన్నాను. అవ్వ చీపురు కింద పెట్టి, "నెల దినాలు నువ్వు పోసిన నీళ్లకంటె ఎక్కువ పోసిన్నా బిడ్డా?" అంది. ఎదురు మాట్లాడుతోందని ఇంకా మండిపోయాను.

వారంలో చెక్కల అంచులు లేచాయి. ఒక్కో చెక్క తొట్టిలా వంగింది. అవ్వతో మాటలు మానేశాను. అన్నం పెడితే తిని లేచిపోయేవాణ్ని. అంచులకు రంధా పడితే మర్నాటికి మళ్లీ లేచేవి.

ఒక పొద్దున బిడ్డ బూటు ముక్కు ఆ అంచుకు తట్టింది. ముందుకు పడింది. పాత కుట్ల మీదే మళ్లీ పగిలింది. దాన్ని కాపాడాలని నేనే కొట్టిన చెక్క దాన్ని పడేసింది. డాక్టరు దగ్గర నుంచి వచ్చి, దాన్ని వంటింట్లో పడుకోబెట్టి, గడ్డపార అందుకున్నాను.

ముందు మంచం కింది మూల లేపాను. మంచం అడ్డం కాబట్టి అవ్వ అక్కడ నీళ్లు పోయలేదు. అయినా చెక్క అడుగంతా నల్లబడి, తెల్లటి బూజు పట్టి ఉంది. ముట్టుకుంటే వేలికి తడి అంటింది. ఆ తడి పైనుంచి దిగింది కాదు. నేను నెలరోజులు పట్టిన నీళ్లే కాంక్రీటులోంచి పైకి వస్తున్నాయి. ఎండిన కర్ర దప్పిగొన్న గొడ్డులా వాటిని తాగింది.

మేస్త్రి వచ్చి చూశాడు. నవ్వలేదు, అదే నయం. "పైకి ఆరినట్టే ఉంటదన్నా, లోపల ఆరనీకి మూడు నెలలన్న పడ్తది. ఓ ప్లాస్టిక్ కవరు పరిచి తెల్లారి లేపి సూస్తే కింది చెమ్మ తెలుస్తుండె. నన్ను అడుగుతే పాయె గదా" అన్నాడు. జూన్‌లో బడి తెరవడానికి ఇక ఇరవై రోజులే ఉంది. ఆరబెట్టడానికి ఎండ ఇంట్లోకి రాదు. చెక్కలన్నీ పీకి వాకిట్లో పేర్చాను. అవ్వ పక్కకు వచ్చి ఒక్కో చెక్కా అందుకుంది. తప్పు నాదేనని చెప్పాలని నోటిదాకా వచ్చింది. దానికి బదులు బరువు చెక్కలు నేనే పట్టుకుని, తేలికవి అవ్వకు అందించాను.

మర్నాడు బిడ్డ నుదుటికి కట్టుతోనే, మొలల గుంటలు పడ్డ ఆ ఉత్త సిమెంటు మీదికి దిగింది. వద్దంటే వినలేదు. నేను రెండు చేతులూ చాచి దాని వెనకే నడిచాను. నాలుగడుగులు వేసి ఆగింది. వెనక్కి తిరిగి చూసింది.

"బాపూ, నువ్వు నా ఎనుక రాకు. నువ్వు వస్తుంటె నేను పడ్తనని యాదికొస్తుంది."

పోయి గడప దగ్గర నిలబడ్డాను. ఆ పొద్దున అది రెండుసార్లు పడింది. రెండుసార్లూ నేను కదల్లేదు.