దొంగకు రోగం చూపించిన బండి

ముందు నా వివరాలు. చదువు, ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా. పని, సెల్ టవర్ల నిర్వహణ. దయ్యాల మీద నమ్మకం, సున్నా. జరిగిందంతా రాసిన తర్వాత కూడా ఆ సున్నా సున్నాగానే ఉంటుంది. అది మార్చుకోమని చెప్పేవాళ్లు ఇక్కడితో ఆపేయొచ్చు.

ఊరికే అనడం లేదు. రేగొండ దగ్గర ఒక టవర్ శ్మశానం పక్కనే ఉంటుంది. అక్కడ గజ్జెల చప్పుడు వస్తోందని వాచ్‌మన్ పని మానేశాడు. వెళ్లి చూశాను. టవర్ కాలికి బిగించిన ఎర్తింగ్ పట్టీ వదులై గాలికి కొట్టుకుంటోంది. స్పానర్ పెట్టి నట్టు బిగించాను. గజ్జెలు ఆగిపోయాయి. వాచ్‌మన్ మాత్రం తిరిగి రాలేదు. అతనికి నట్టు కన్నా గజ్జెలే నమ్మదగినవిగా తోచాయి.

అలాంటివాళ్ల చేతికి ఇంకో కథ ఇవ్వడం ఇష్టం లేక ఈ విషయం రెండేళ్లుగా ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నది కూడా నమ్మించడానికి కాదు. నా దగ్గర ఉన్న ఆధారాలు ఇవీ, మీ దగ్గర జవాబుంటే చెప్పండి అని.

నా ఉద్యోగం బండి మీదే నడుస్తుంది. నియామక కాగితంలోనే ఉంది, సొంత వాహనం తప్పనిసరి అని. రేగొండ, చిట్యాల, భూపాలపల్లి వైపు పదకొండు టవర్లు నా కింద ఉన్నాయి. వాటిలో బస్సు వెళ్లేవి మూడే. బండి పోతే మర్నాటి నుంచే ఉద్యోగం లేదు, ఇంకో బండి కొనే శక్తీ లేదు.

అందుకని బండి ఆపిన ప్రతిసారీ నాలుగు పనులు చేసేవాణ్ని. హ్యాండిల్ లాక్. వెనక చక్రానికి గొలుసు, తాళం. పెట్రోల్ కాక్ మూయడం. సీటు కింద నేనే వైరు లాగి పెట్టిన రహస్య స్విచ్ ఆపడం. అది ఆపితే తాళంచెవి ఉన్నా బండి స్టార్ట్ కాదు. జేబులో చిన్న నోటు పుస్తకం. చోటు, టైము, నాలుగు టిక్కులు.

ఈ పద్ధతిని చూసి నవ్విన మనిషి ఒక్కడే. మానుకోటలో మెకానిక్ ఖాసిం చాచా. మహబూబాబాద్‌ను మా వైపు మానుకోట అనే అంటారు. ఉద్యోగంలో మొదటి ఏడాది అక్కడే చేశాను. ఈ పాత బండిని వెతికిపెట్టింది కూడా ఆయనే.

"ఇంజినీర్ సాబ్, నువ్వు తాళాలేసుడు అయ్యేదాంక దొంగ చాయ్ తాగొస్తడు," అనేవాడు.

"తాళాలు చూసే కద చాచా దొంగ భయపడేది."

"భయపడతడా? తాళం చూస్తే ఇండ్ల మంచి మాల్ ఉన్నదని ఎరుకైతది వానికి. దొంగకు తాళం చూపెట్టకు బేటా. రోగం చూపెట్టు."

రోగం చూపించడం ఎలాగో చేసి చూపించాడు. సైడ్ కవర్ ఊడదీసి వెనక చక్రానికి ఆనించాడు. ఇంజన్‌కున్న ప్లగ్ క్యాప్ పీకి కిందికి వేలాడదీశాడు. ఎర్ర సైకిల్ ట్యూబు నుంచి ఉంగరంలా ఒక ముక్క కోసి, దెబ్బకు కట్టు కట్టినట్టు ఆ క్యాప్ మూతికి రెండు చుట్లు చుట్టాడు. తాళంచెవిని గ్రీజు గుడ్డలో మడిచి ఎయిర్ ఫిల్టర్ వెనక సందులో దోపాడు. అర నిమిషం పట్టలేదు. చూస్తే బండి పడకేసి వారం అయినట్టుంది.

ఇది కాపలా కాదు, నాటకం అన్నాను. "ఒక్కపారి చేసి చూడు, గంతే," అని ఆయన ఎన్నిసార్లో అడిగాడు. ఒక్కసారి కూడా చేయలేదు. ఆ ఎర్ర ముక్కను విప్పి ఆయన కళ్ల ముందే చెత్త డబ్బాలో పడేసి వచ్చాను. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత అవసరపడుతుంది.

మా ఇద్దరికీ ఇంకో గొడవ నంబర్ ప్లేటు. అప్పటికి చాలామంది తెలంగాణ రావాలని బండ్ల మీద ఏపీ అక్షరాలు చెరిపేసి టీజీ అని రాయించుకున్నారు. నేనూ రాయించాను. కాగితాల్లో ఏపీ 36, బండి మీద టీజీ 36.

"గా అక్షరాలతోని బండి పోతే కంప్లైంట్ ఎవడు రాసుకుంటడు?" అన్నాడు చాచా.

"పోనిస్తే కద," అన్నాను.

తెలంగాణ కోసం జరిగిన సకల జనుల సమ్మెకు కొన్ని వారాల ముందు చాచా చనిపోయాడు. దుకాణంలోనే ఛాతీ పట్టుకుని కూర్చున్నాడు, దవాఖాన దాకా కూడా పోలేదు. జనాజాకు వెళ్లాను. మూడు గుప్పెళ్ల మట్టి నా చేత్తో వేశాను. ఆయన పోయాడన్న విషయంలో నాకు అనుమానం లేదని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

తర్వాత ఆ సమ్మె వచ్చింది. బస్సులు లేవు, బడులు లేవు, ఆఫీసులు లేవు. టవర్లు మాత్రం ఆగకూడదు. బ్యాటరీల రిపోర్టు ఇవ్వడానికి ఒక రోజు భూపాలపల్లి నుంచి జనగామకు బయల్దేరాను. పొద్దున పదకొండుకు చేరేసరికి ఊరి మొదట్లోనే రోడ్డు బంద్. వంటావార్పు. హైవే మీద రాళ్ల పొయ్యిలు పెట్టి అన్నం వండుతున్నారు. లారీలు కనుచూపు మేర ఆగిపోయాయి.

పక్కనే షట్టర్లన్నీ దించి ఉన్న ఒక సందులో రెండు బండ్ల మధ్య నా బండి ఆపాను. సందు మొదట్లో ఒక అవ్వ బొగ్గుల మీద మక్కకంకులు కాలుస్తోంది. నోటు పుస్తకం తీసి చోటు, టైము రాశాను. అప్పుడే పొయ్యి దగ్గరున్న ఒకాయన నా ప్లేటు చూసి గరిటె ఊపాడు.

"ఓ టీజీ తమ్మీ, గాడ నిలబడి పరీక్ష రాస్తున్నవా? రా, బువ్వ తిందువు."

చుట్టూ నవ్వారు. టీజీ తమ్మీ అనే పిలుపు నాకు ఎంత బాగుందో చెప్పలేను. పెన్ను జేబులో పెట్టుకుని వెళ్లాను.

ఆ పేజీ ఇప్పటికీ నా దగ్గరుంది. "జనగామ, 11.05" అని ఉంది. టిక్కులు లేవు. ఒక్కటి కూడా.

విస్తరి ముందు కూర్చుని రెండు ముద్దలు తిన్నానో లేదో పోలీసులు వచ్చారు. కూర్చున్నవాళ్లను కూర్చున్నట్టే లేపి వ్యాన్లలోకి ఎక్కించి, ఊరి చివర ఒక ఫంక్షన్ హాలుకు తీసుకెళ్లారు. సాయంత్రం దాకా అక్కడే ఉంచుతారట. జేబు తడుముకున్నది ఆ హాలులోనే. తాళంచెవి లేదు. బండికే ఉంది.

పెళ్లికూతురిని కూర్చోబెట్టే ఎర్ర కుర్చీలో ఒక కానిస్టేబుల్ కూర్చుని పేర్లు రాసుకుంటున్నాడు. సంగతి చెప్పాను. పాపం, మంచివాడే.

"నంబర్ చెప్పు. గాడ మావోళ్లున్నరు, వైర్‌లెస్‌ల చెప్త."

చెప్పాను. పెన్ను ఆగిపోయింది.

"టీజీ? గది ఏ రాష్ట్రం తమ్మీ?"

"రాబోయే రాష్ట్రం సార్."

"గట్లయితే రానియ్యి. వచ్చినంక రాసుకుంటం."

హాలంతా నవ్వింది. అతనూ నవ్వాడు, మా వైపు మనిషే. తర్వాత గొంతు తగ్గించాడు. "ఏపీ అని చెప్పు, గంతే. నీ బండి నీకుంటది."

ముప్పై మంది నా నోటి వైపే చూస్తున్నారు. ఒక్క మాట అంటే చాలు, సందులోకి మనిషి వెళ్తాడు. ఆ ఒక్క మాట నా నోటికి రాలేదు.

"బండి మీద ఏపీ లేదు సార్. లేని నంబర్ చెప్తే మీవాళ్లు ఏ బండి వెతుకుతారు?"

అది తర్కం లెక్కన సరైన మాటే. కానీ నేను అన్నది తర్కం కోసం కాదు. కానిస్టేబుల్ "నీ ఇష్టం మల్ల," అని తర్వాతి పేరు పిలిచాడు. వెనక ఎవరో చప్పట్లు కొట్టారు.

గోడకు ఆనుకుని కూర్చుని లెక్క వేశాను. తాళంచెవి బండికే ఉంది. హ్యాండిల్ లాక్ లేదు. గొలుసు బండికున్న సంచిలోనే ఉంది. కాక్ తెరిచి ఉంది, స్విచ్ ఆన్‌లో ఉంది. దొంగకు ఇంతకన్నా మర్యాద ఎవరూ చేయలేరు. బండి పోయిందనే అనుకున్నాను, ఉద్యోగం కూడా. కానీ మళ్లీ అడిగితే ఏపీ అని చెప్తానా అని నన్ను నేను రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ చెప్పను అనే వచ్చింది.

ఐదున్నరకు వదిలారు. పరుగెత్తలేదు, పరుగెత్తి చేసేదేమీ లేదు. సందులోకి తిరగగానే మొదట కనిపించింది ఖాళీ స్థలం. పొద్దున నా బండికి అటూ ఇటూ ఉన్న రెండు బండ్లూ లేవు. ఒకదాని గొలుసు తెగి నేల మీద పడి ఉంది. నాకున్నలాంటి గొలుసే. దాని యజమాని కాబోలు, ఒకాయన అక్కడే నిలబడి ఫోన్‌లో ఎవరితోనో అరుస్తున్నాడు.

మధ్యలో నా బండి ఉంది.

సైడ్ కవర్ ఊడదీసి వెనక చక్రానికి ఆనించి ఉంది. ప్లగ్ క్యాప్ కిందికి వేలాడుతోంది. దాని మూతికి ఎర్ర ట్యూబు ముక్క, రెండు చుట్లు. తాళంచెవి బండికి లేదు. ఎయిర్ ఫిల్టర్ వెనక సందులో చెయ్యి పెట్టాను. వేళ్లకు గ్రీజు గుడ్డ తగిలింది.

మిగతావి కూడా చూశాను. హ్యాండిల్ లాక్ వేసి లేదు. గొలుసు సంచిలోనే ఉంది. కాక్ తెరిచే ఉంది. సీటు కింద స్విచ్ ఆన్‌లోనే ఉంది. నా నాలుగు పనుల్లో ఒక్కదాన్ని కూడా ఆ చెయ్యి పట్టించుకోలేదు.

అవ్వ బొగ్గులు ఆర్పుతూ పలకరించింది. "గింత ఆలస్యమా కొడుకా? మీ ముసలాయన చూసి చూసి పోయిండు."

"ఏ ముసలాయన అవ్వా?"

"బండి బాగుచేసిన సాయబు. మీ మనిషి కాదా? మిట్టపగటీలి వచ్చిండు, కింద కూసోని ఏందో విప్పిండు. ఇద్దరు పోరగాండ్లు వచ్చి గీ బండి నడుస్తదా అని అడిగిండ్రు. ఇంజన్ పట్టేసింది, వారమైతది అన్నడు. వాళ్లు పక్క బండ్లు తీస్కపోయిండ్రు."

"గొలుసు కోస్తుంటే చూస్తూ కూసున్నవా?"

"తాళంచెవి పోగొట్టుకున్నరేమో అనుకున్న. నేను కంకులు కాల్చాల్నా, బండ్లకు కావలి ఉండాల్నా?"

ఆయన ఎలా ఉన్నాడని అడిగాను.

"ఎట్లుంటడు? ముసలోళ్లంత గట్లనే ఉంటరు. కంకి ఇయ్యబోతే పండ్లు లేవని నవ్విండు."

చాచాకు ముందు పళ్లు లేవు. అయితే ముందు పళ్లు లేని ముసలివాళ్లు జనగామలో ఎంతమందైనా ఉంటారు. ఇది ఆధారం కిందికి రాదు. దీన్ని పక్కన పెట్టండి, నేనూ పెట్టాను.

పక్కన పెట్టలేనిది ట్యూబు ముక్క. ఆ ఆదివారం మానుకోట వెళ్లాను. చాచా పోయినప్పటి నుంచి దుకాణం తాళం వేసే ఉంది, తాళంచెవి ఆయన భార్య, చాచీ దగ్గర ఉంది. ఆమె వచ్చి షట్టర్ ఎత్తింది. నేల మీద, పనిముట్ల మీద, అన్నిటి మీదా సమానంగా దుమ్ము. గోడకున్న మేకుకు ఎర్ర ట్యూబు వేలాడుతోంది.

చాచా కత్తెర అంచుకు ఒక చోట గండి ఉండేది. దానితో ఎక్కడ కోసినా కోతలో చిన్న ముక్కు లేస్తుంది. నా జేబులోని ముక్కను ట్యూబు చివర పెట్టాను. ముక్కు దగ్గర ముక్కు, గండి దగ్గర గండి, సరిగ్గా కూర్చుంది. ట్యూబు పొడవునా దుమ్ము ఉంది. కోసిన అంచు మీద మాత్రం లేదు.

"ఏం చూస్తున్నవ్ బేటా?" అంది చాచీ.

చెప్పాను. అంతా చెప్పాను. ఆమె ఆశ్చర్యపోతుందనుకున్నాను. చీర కొంగుతో బల్ల మీద దుమ్ము తుడుస్తూ, "నీ గురించి ఎప్పుడు అంటుండె," అంది. "వాడు తాళాలు మర్చిపోయే దినం ఒకటి వస్తది, గా దినం నాతోని పనిపడ్తది అని."

"నేనేం మర్చిపోను చాచీ," అన్నాను, అలవాటు కొద్దీ.

"మరి గీడికెందుకొచ్చినవ్?"

ట్యూబు ముక్కను మళ్లీ జేబులో పెట్టుకున్నాను.

ఇంటికొచ్చి నోటు పుస్తకంలో, ఆ టిక్కుల్లేని పేజీ వెనక, కారణాలు రాయడం మొదలుపెట్టాను. ఒకటి, నేనే చేసి మర్చిపోయాను. కుదరదు, నేను విస్తరి ముందూ వ్యాన్‌లోనూ హాలులోనూ ఉన్నానని చెప్పడానికి ముప్పై మంది ఉన్నారు. రెండు, చాచా దగ్గర పని నేర్చుకున్నవాడెవడో చేశాడు. చాచా ఒంటరిగానే పని చేసేవాడు, చాచీని అడిగి రూఢి చేసుకున్నాను. మూడు, ఆ ముక్క పాతది, బండిలోనే ఎక్కడో ఉండిపోయింది. దాన్ని నేనే డబ్బాలో పడేశాను. పైగా పాత ముక్కయితే ట్యూబుకు కోసిన అంచు మీద కూడా దుమ్ము ఉండాలి. మూడూ కొట్టేశాను. నాలుగు అని అంకె వేసి ఖాళీ వదిలాను.

అక్కడ దయ్యం అని రాయను. నాకు తెలియదు అనేది ఒక జవాబు, దయ్యం అనేది ఇంకో జవాబు. మొదటిదాని మీదే సంతకం పెడతాను.

ఇది రాసే నాటికి రాష్ట్రం ఇంకా రాలేదు. ప్లేటు మార్చలేదు. మార్చమని దారిలో ఎన్నిసార్లు ఆపినా మార్చలేదు. బండి ఈ రెండేళ్లలో పోలేదు.

ఒక్కటి మారింది. ఇప్పుడు బండి ఆపితే ఐదు పనులు. హ్యాండిల్ లాక్, గొలుసు, కాక్, స్విచ్, చివరికి సైడ్ కవర్ ఊడదీసి ప్లగ్ క్యాప్‌కు ఆ ఎర్ర ముక్క చుట్టడం. మొదటి నాలుగింటికీ ఎప్పటిలాగే టిక్కు పెడతాను. ఐదోదానికి పెట్టను. చేసేవి నా చేతులే. అయినా అది నా పని అని పుస్తకంలో రాసుకోవడానికి ఇప్పటికీ పెన్ను కదలదు.