అక్క పెళ్లి చుట్టాలను నేను మాయం చేసిన రోజు

కూర్చున్న కుర్చీలోంచి లేవకుండా మా చుట్టపక్కాలందరినీ మాయం చేసిన ఘనుణ్ణి నేను. నవ్వకండి, అప్పటికి నేను కంప్యూటర్ డిగ్రీ చదువుతున్నాను కూడా.

మెట్‌పల్లిలో అక్క పెళ్లయిన ఏడాదికి నా ల్యాప్‌టాప్ నిండిపోయింది. ఫోటోలన్నీ హార్డ్‌డిస్క్‌లోకి మార్చబోతే ఆరు గంటలు పడుతుందని చూపించింది. ఇల్లు మారేముందు పాత సామాను పారేస్తాం కదా, అలాగే కొంత బరువు తగ్గిద్దామనుకున్నాను. తీరా చూస్తే ఏముంది? స్టేజి మీద అక్కా బావా పటంలో దేవుళ్లలా నిలబడ్డ ఫోటోలే వందల కొద్దీ! పక్కన ఎవరున్నారో చూడాలని తోస్తే నేను నేనెందుకవుతాను? అక్క బాగా నవ్విన ఒక్కటి ఉంచి మిగతావన్నీ తీసేశాను. శుభ్రత నాకు పుట్టుకతో వచ్చింది కనుక చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాను. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నా మందుకు ఊరూ వాడా ఊడిపోయింది.

సాయంత్రం మా నాన్న, మేమంతా పిలిచేది బాపు అని, వచ్చి పక్కన కూర్చున్నాడు.

"మా అన్న స్టేజెక్కిన ఫోటో చూపియ్ రా."

బాపుకు అన్న అంటే మా పెదబాపే. నస్పూర్‌లో ఉండే పెదబాపు, బోరు మోటరు దగ్గర మాటామాటా పెరిగి తొమ్మిదేళ్లుగా బాపుతో మాట్లాడలేదు. పెళ్లికొచ్చి, ఫోటో దిగి, అన్నం తిని వెళ్లిపోయాడు. అన్నదమ్ములిద్దరూ కలిసి ఉన్నది ఆ ఒక్క ఫోటోలోనే. అదీ తీసేశానని బాపుకు చెప్పేశాను. ఫోటోగ్రాఫర్‌కు ఫోన్ చేస్తే, "ఏడాదైంది తమ్మీ, మా కాడ ఇంకెక్కడుంటయ్?" అన్నాడు.

"అన్నకు తెలిస్తే నేనే తీసేపిచ్చిన అనుకుంటడు. నువ్వే చెప్పు" అన్నాడు బాపు. ఆయన మొహం చూస్తే నాకు ఏడుపొచ్చింది.

ఫోన్ చేశాను.

"పెదబాపూ, పెండ్లిల నీ ఫోటో పోయింది."

"మీ బాపు తీసెయ్యమన్నడా?"

"కాదు, నేనే తీసేసిన. అందరియి పోయినయ్."

"సర్పంచ్‌ది సుత పోయిందా?"

"పోయింది."

"పెండ్లికొడుకు మేనమామది?"

"అదీ పోయింది."

పెదబాపు పడీపడీ నవ్వాడు. "గట్లయితే ఫికర్ లేదు తియ్. ఐతారం వస్తున్న, మల్ల దిగుదం."

అన్నట్టే ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ఇద్దరినీ గోడ దగ్గర నిలబెడితే మధ్యలో ఎడ్లబండి పట్టేంత జాగా వదిలారు.

"జర దగ్గరికి జరుగుండ్రి" అన్నాను.

"ఆనాడంటే నడుమ పిల్లా పిలగాడు ఉండిరి. గిప్పుడు ఎవరున్నరు రా? ఇటు రా" అంటూ పెదబాపు తమ్ముడి భుజం పట్టి లాక్కున్నాడు.

నలభై ఫోటోలు తీశాను. అన్నింట్లోనూ బాపు కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాడు. అవన్నీ చూసుకుని సిగ్గుపడి, "మంచిదొక్కటి ఉంచి కడమయి తీసెయ్ రా" అన్నాడు.

అందుకే హార్డ్‌డిస్క్ మీద కుడిచెయ్యి వేసి చెబుతున్నాను: ఈ జన్మలో ఇక ఒక్క ఫోటో కూడా తీసెయ్యను. కన్నతండ్రి చెప్పినా సరే!