పక్కవాద్యం

స్టీలు ప్లాంటు టౌన్‌షిప్ సెక్టర్ 2లో రజనీకుమారి దగ్గర పియానో నేర్చుకోవడానికి చేరిన పిల్లలు మొదటి నెలంతా పియానోని ముట్టుకోరు. వరండాలో చెప్పులు విడిచి వరసగా నిలబడాలి. ఆవిడ చప్పట్లు కొడుతుంటే దానికి తగ్గట్టు నడవాలి. ఆవిడ పాడిన స్వరాన్ని గొంతుతో అందుకోవాలి. ఆ తరవాత ఇంట్లో అమ్మో నానమ్మో పని చేసుకుంటూ పాడుకునే పాట ఒకటి నేర్చుకుని రావాలి. అది శ్రీకాకుళం పాటయినా సరే, ఛత్తీస్‌గఢీ పాటయినా సరే. నెల గడిచాక ఆ పాటనే, పుస్తకం లేకుండా, పియానో మెట్ల మీద వెతుక్కోమంటుంది.

చాలామంది తండ్రులకు ఇది నచ్చేది కాదు. రవికాంత్ అనే ఆయన ఒకరోజు గుమ్మంలోనే నిలబడి అడిగాడు.

"నెల్రోజులయింది మేడం. ఇంకా నడిపిస్తన్నారేటి? ఎగ్జామ్ ఎప్పుడు కట్టిస్తారు?"

"ముందు విననివ్వండి బాబూ. వేళ్ళదేముంది, తరవాతయినా వొస్తాయి."

"పవర్ హౌస్ దగ్గర క్లాసులో ఆరు నెలల్లో సర్టిఫికెట్ ఇప్పించేస్తన్నారు."

మరుసటి వారం నుంచి ఆయన కూతురు రాలేదు. అలా ఒక్కొక్కరే మానేసి, ఒకప్పుడు పద్నాలుగు మంది ఉన్న చోట చివరికి ముగ్గురు మిగిలారు. రజనీకుమారి ఎవరితోనూ వాదించలేదు. పవర్ హౌస్ క్లాసులో నేర్పే పద్ధతి ఆవిడకు కొత్తదేమీ కాదు. సొంత కూతురు ప్రసూనకు ఆవిడ సరిగ్గా అలాగే నేర్పింది.

రజనీకుమారి తండ్రి పోలయ్య చరోదా రైల్వే యార్డులో పనిచేసేవాడు. తల్లి కన్నమ్మ చర్చిలో ముందు వరసలో నిలబడి పాడేది. చర్చిలో ఒక పాత పియానో ఉండేది. ఎవరూ నేర్పకుండానే రజని దాని మీద కీర్తనలన్నీ పట్టేసింది. పాడేవాళ్ళు ఏ శ్రుతిలో ఎత్తుకున్నా ఆ పిల్ల వేళ్ళు అక్కడికి వెళ్ళిపోయేవి. ఇరవయ్యో ఏట ఒక పెద్ద స్కూల్లో సంగీతం టీచరు ఉద్యోగానికి వెళ్ళింది. ప్రిన్సిపాల్ కళ్ళు మూసుకుని పది నిమిషాలు విన్నది. తరవాత ఒక కాగితం ముందుపెట్టి, "ఇది చదివి వాయించు" అంది. గీతల మీద నల్లటి చుక్కలు. రజనికి చదవడం రాదు. సర్టిఫికెట్ అడిగితే అదీ లేదు. ఉద్యోగం ఇంకెవరికో వెళ్ళింది. చర్చిలో ఎంతమంది మెచ్చుకున్నా, ఆ కాగితం ముందు తల దించుకుని కూర్చున్న నిమిషం ఆవిడను వదల్లేదు.

రోలింగ్ మిల్లులో పనిచేసే సూర్యప్రకాష్‌ను పెళ్ళి చేసుకున్నాక, అతను ఎక్కడో దొరికిన పాత పియానో ఒకటి ఇంటికి తెచ్చిపెట్టాడు. రజనీకుమారి పుస్తకాలు ముందేసుకుని ఆ చుక్కలు చదవడం తనంతట తనే నేర్చుకుంది. ప్రసూనకు అయిదేళ్ళు రాగానే పియానో ముందు కూర్చోబెట్టింది. ఒక్కో గ్రేడుకు మూడు పాటలు, ఒక పరీక్ష. తప్పు వాయిస్తే వేళ్ళ మీద పెన్సిల్ దెబ్బ. పక్కింట్లోంచి వినబడిన పాటేదైనా ఆ పిల్ల సరదాగా వెతుక్కోబోతే, "అదేటది? పేజీ మీద ఉన్నది వాయించు" అనేది. పదహారేళ్ళకి ప్రసూన ఆరో గ్రేడు పాసయింది. ముందుగదిలో గోడ మీద ఆరు సర్టిఫికెట్లు వేలాడాయి. తన దగ్గరున్న చెవి మాత్రం కూతురికి ఇవ్వలేదని రజనీకుమారికి తోచలేదు.

ఆ సంవత్సరమే కన్నమ్మ పోయింది. ప్రసూనను భుజాన వేసుకుని పాట పాడి నిద్రపుచ్చిన మనిషి ఆవిడే. చర్చిలో శవపేటిక ముందు పెట్టారు. మనవరాలు పియానో వాయిస్తే బాగుంటుందని పాస్టరుగారు అన్నారు. చరోదా నుంచి వచ్చిన ముసలమ్మలు కన్నమ్మకు ఇష్టమైన పాత కీర్తన ఎత్తుకున్నారు. పుస్తకం లేదు. నీరసించిన గొంతులు, బాగా కింది శ్రుతి.

"మమ్మీ, నోట్స్ ఏవి?" అని ప్రసూన వెనక్కి తిరిగి మెల్లగా అడిగింది.

"నోట్స్ లేవు. వాయించు."

పుట్టిన దగ్గర్నుంచి విన్న పాటే. కాని అది మెట్ల మీద ఎక్కడుందో ఆ పిల్లకు తెలియదు. ఊహించి ఒక చోట మొదలుపెట్టింది. గొంతులు ఒక దారి, పియానో ఇంకో దారి. ఇంకో చోట వెతికింది. ముసలమ్మలు ఒక్కొక్కరే పాడడం ఆపేశారు. చర్చి అంతా తలలు తిప్పి చూస్తోంది. రజనీకుమారి తల్లి పేటిక దగ్గర నుంచి లేచి వచ్చి, కూతురి మోచెయ్యి పట్టుకుని లాగింది.

"లే."

తను కూర్చుని వాయించింది. పాట మళ్ళీ లేచింది. చర్చిలో అందరూ ఏడ్చారు. సమాధుల తోటలో ఎంతమందో వచ్చి, "ఎంత బాగా వాయించేవమ్మా" అని ఆవిడ చేతులు పట్టుకున్నారు. ప్రసూన ఎక్కడుందో ఆవిడ చూసుకోలేదు.

ఆ పిల్ల ఆ తరవాత పియానో ముందు కూర్చోలేదు. రజనీకుమారి నెల రోజులు కోప్పడింది, ఇంకో నెల బతిమాలింది. చివరికి సూర్యప్రకాష్ గోడ మీది సర్టిఫికెట్లన్నీ తీసి ట్రంకుపెట్టెలో పెట్టేశాడు. ప్రసూన బి.కామ్ చదివి రాయ్‌పూర్‌లో ఇన్సూరెన్స్ ఆఫీసులో ఉద్యోగంలో చేరింది. నెలకోసారి వచ్చేది. ముందుగదిలో కాకుండా వంటింట్లో కూర్చునేది.

నాలుగేళ్ళ పాటు రజనీకుమారి ఎవరికీ పాఠం చెప్పలేదు. మళ్ళీ మొదలుపెట్టినప్పుడు పద్ధతంతా మార్చేసింది. చదవడం నేర్పింది, కాని పాడడం వచ్చాకే. తప్పు వాయించిన పిల్ల చెయ్యి పట్టుకోవడం మానేసింది. ఎంత ఆలస్యమైనా ఆ చెయ్యి తనంతట తనే సరైన మెట్టు దగ్గరికి వచ్చేదాకా ఊరుకునేది. పాఠాలన్నిటిలోకీ చివరి పాఠం ఇంకొకరి గొంతుకు పక్కవాద్యం వాయించడం.

ఆ పాఠం దాకా నిలిచింది భాగ్యరేఖ ఒక్కతే. క్యాంప్ 2 బస్తీ నుంచి సైకిలు మీద వచ్చేది. పదిహేనేళ్ళు. ఏడేళ్ళుగా నేర్చుకుంటోంది. తెలుగులో మొదలుపెట్టిన మాట హిందీలో ముగించే పిల్ల.

సూర్యప్రకాష్ పోయిన రెండేళ్ళకు ప్లాంటు వాళ్ళ క్వార్టరు ఖాళీ చేయవలసిన గడువు వచ్చింది. ఎప్పుడూ పాఠాలు లేని రోజునే వచ్చే ప్రసూన, సామాను సర్దడానికి ఈసారి శనివారం వచ్చింది. వంటింట్లో స్టీలు గ్లాసులకు పేపరు చుడుతోంది. ముందుగదిలో అపర్ణ అనే ఎనిమిదేళ్ళ పిల్ల నానమ్మ దగ్గర నేర్చుకున్న ఊడ్పుల పాట పాడుతోంది. భాగ్యరేఖ పియానో మీద ఉంది. రెండో చరణంలో అపర్ణ గొంతు కిందికి జారింది. భాగ్యరేఖ ఆగలేదు, జారిన చోటికే తనూ దిగింది. మూడో చరణంలో అపర్ణ మాట మరచిపోయి నిలబడిపోయింది.

"ఆగిపోయేను మిస్," అంది ఏడుపు గొంతుతో.

"ఆగితే ఏటయింది? దీదీ అక్కడే ఉంటాది. నిన్నొదిలేసి వెళ్ళిపోదు. గుర్తొచ్చేక రా," అంది రజనీకుమారి.

భాగ్యరేఖ ఒకే శ్రుతిని మెల్లగా నొక్కుతూ కూర్చుంది. చాలాసేపటికి అపర్ణ పాట అందుకుంది.

పిల్లలిద్దరూ వెళ్ళాక ప్రసూన వంటింటి గుమ్మంలోకి వచ్చింది. చేతిలో పేపరు అలాగే ఉంది.

"మమ్మీ, వీళ్ళకి ఇలాగ ఎప్పట్నుంచి నేర్పుతున్నావు?"

"పన్నెండేళ్ళయింది."

"నాకెందుకు నేర్పలేదు?"

రజనీకుమారి ఆ స్కూలు గురించి, ఆ కాగితం గురించి చెప్పింది. ప్రసూన చివరిదాకా విన్నది.

"ఆవిడ సర్టిఫికెట్ అడిగింది నిన్ను. నన్ను ఎవరూ అడగలేదు కదా."

"తప్పు నాదేనే."

"అది అమ్మమ్మ పాట. నువ్వు పక్కన కూచుని ఒక్క మెట్టు చూపించుంటే వాయించీసుందును. బాగా వొచ్చేది కాదు, సరే. నేనే వాయించుందును కదా. నువ్వు నన్ను లేపీసేవు."

"అందరూ చూస్తున్నారని..."

"అవును. అందరూ చూసేరు."

రజనీకుమారి పియానో స్టూలు కొంచెం వెనక్కి జరిపింది.

"ఇప్పుడోసారి కూచుంటావా? నేను పాడతాను."

"వొద్దు మమ్మీ. ఇప్పుడు వాయిస్తే అది నీ కోసం అవుతాది."

పియానోను దుర్గ్‌లో హోటలు కట్టించిన ఒకాయన తీసుకెళ్ళాడు. రిసెప్షన్‌లో పెడతామని, ఎవరూ వాయించరు కాబట్టి పాడవదని ఆయన ధైర్యం చెప్పాడు. రజనీకుమారి ఉండి పాఠాలు చెప్పుకోవడానికి భాగ్యరేఖ తల్లి క్యాంప్ 2లో రెండు గదులు చూసిపెట్టింది. ప్రసూన మాత్రం రాయ్‌పూర్ రమ్మంది.

"నా దగ్గరికి వొచ్చీ. ఇంట్లో పాఠాలు మాత్రం వొద్దు. అవి వింటూ నేను ఉండలేను."

రజనీకుమారి రెండు రోజులు ఆలోచించి కూతురి దగ్గరికి వెళ్ళడానికే ఒప్పుకుంది. ఇన్నేళ్ళలో ప్రసూన తనను ఏదైనా కావాలని అడగడం అదే మొదలని ఆవిడకు అనిపించింది. ఆ సంగతి చెబితే భాగ్యరేఖ మొహం చిన్నబోయింది.

"మరి అపర్ణకి పాఠాలు కౌన్ సిఖాయేగా మిస్?"

"నువ్వున్నావు కదే."

"నాకే ఇంకా పూరా రాదు."

"నాకూ రాదు. దాన్ని పాడనీ, నువ్వు విను. చెయ్యి మాత్రం పట్టి లాగకు."

రాయ్‌పూర్ ఫ్లాటులో తల్లీకూతుళ్ళు మర్యాదగా ఉంటారు. ప్రసూన మందులు వేళకు గుర్తుచేస్తుంది. రజనీకుమారి క్యారేజీ కట్టి ఇస్తుంది. చర్చికి ఇద్దరూ కలిసి వెళతారు. అందరూ పాడేటప్పుడు ప్రసూన పుస్తకం తెరిచి పట్టుకుంటుంది, పాడదు. ఆ చర్చిలో కీబోర్డు వాయించేవాళ్ళు కావాలని అడిగితే, రజనీకుమారి తనకు రాదని చెప్పింది.

శనివారం సాయంత్రం భాగ్యరేఖ ఫోను చేస్తుంది. రజనీకుమారి ఫోను పట్టుకుని కింద స్కూటర్లు పెట్టే చోటికి వెళ్ళి, గోడ పక్కన సిమెంటు దిమ్మ మీద కూర్చుంటుంది. క్యాంప్ 2లో చిన్న కీబోర్డు మీద భాగ్యరేఖ వాయిస్తుంటే అపర్ణ పాడుతుంది. సిగ్నలు తెగినప్పుడల్లా పాట ముక్కలవుతుంది. ఈవిడ వింటూ తొడ మీద వేళ్ళు కదుపుతుంది.

ఒక శనివారం ప్రసూన కిందికి వచ్చింది. చేతిలో సంచీ లేదు, బజారుకు బయల్దేరినట్టు లేదు. పది అడుగుల దూరంలో స్కూటరు మీద చెయ్యి ఆనించి నిలబడింది. ఫోనులో పాట సన్నగా వస్తోంది. రజనీకుమారి ఫోను ఆపేద్దామనుకుంది, ఆపలేదు. కూతురిని దగ్గరికి రమ్మనీ అనలేదు. ఒక చరణం అయ్యేదాకా ప్రసూన నిలబడి, వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. లిఫ్టు తలుపు మూసుకున్న చప్పుడయింది.

"మిస్, సున్ రహే హో?" అంది అటునుంచి భాగ్యరేఖ.

"వింటున్నానే. ఆగకండి."