గజాలా చెయ్యి ఉన్న ఫోటో

మా గల్లీలో గజాలాను ఎరగనివాళ్లు లేరు. హఫీజా బేగం కూతురు. తల్లి కుట్టుమిషను ఉన్న గదిలోనే తను మగ్గం పెట్టుకుంది. నాలుగు కట్టెల మధ్య జాకెట్టు గుడ్డను బిగదీసి, జరీతో, పూసలతో తీగలూ నెమళ్లూ కుడుతుంది. ఎవరింట్లో ఏం జరుగుతోందో చూడందే నాకు తిన్నది అరగదు కదా, పొద్దున్నే చాయ్ గ్లాసుతో ఆ మగ్గం పక్కనే నా బైఠక్.

కొంగరకలాన్ వైపు ప్లాట్ల ధరలు లేచి జనం చేతిలో డబ్బాడాక పెళ్లిళ్లకు జోరు పెరిగింది. ఇంటికొచ్చి పని చూసేవాళ్లు తగ్గి, "ఫోటో పంపు" అనేవాళ్లు ఎక్కువయ్యారు. గజాలా ఫోన్‌లో ఒక పేజీ తెరిచి, కుట్టినవన్నీ అందులో పెట్టసాగింది. కొన్నాళ్లకే సిటీ దుకాణమొకటి ఆ ఫోటోలు ఎత్తుకుపోయి తమవని పెట్టుకుంది.

"ఫోటో మీద పేరు రాయక్కా" అని మొబైల్ షాపు దయాకర్ ఉపాయం చెప్పాడు. మూలకు రాస్తే వాళ్లు మూల కత్తిరించారు. నడుమ రాస్తే, "పేరే కనవడుతుంది, పని కనవడ్తలేదు" అని గిరాకీలు విసుక్కున్నారు. పేజీ కంపెనీకి ఫిర్యాదు చేస్తే "అందింది" అని ఒక ముక్క వచ్చింది. అంతే.

గజాలా ఆశంతా మా గల్లీ సుశీల కూతురు సంతోషి పెళ్లి జాకెట్టు మీద. ఊరంతా చూసే జాకెట్టు. అది చేస్తే పేరు నిలబడుతుంది. సుశీలకు చూపించాలని ఒక నెమలిని నమూనాగా కుట్టింది. తల్లి ఇచ్చిన నీలి ఫిరోజా రాయి ఉంగరం వేసుకుని, ఆ చెయ్యి నెమలి తోక మీద ఆనించి ఫోటో తీసి పేజీలో పెట్టింది.

"ఇప్పుడెట్ల కత్తిరిస్తరు పెద్దమ్మా? చెయ్యి కోస్తే నెమలి పోతది."

"శభాష్ బిడ్డా!" అన్నాను.

వాళ్లు కత్తిరించలేదు. చెయ్యితో సహా పెట్టుకుని, కింద "మా కారీగర్ చేతిపని" అని రాసుకున్నారు.

నాకు ఒళ్లు మండింది. ఆ పేజీలో ఉన్న నంబరుకు ఫోన్ చేశాను.

"ఆ చెయ్యి ఎవలది నాయినా?"

"మా స్టాఫ్‌దమ్మా."

"గట్లనా? జర ఆమెకు ఫోనియ్యి. ఉంగరం ఎవలిచ్చిండ్రో అడుగుత."

పెట్టేశాడు. మళ్లీ చేస్తే కలవనే లేదు.

పెళ్లి దగ్గరపడ్డాక సుశీల ఒక పార్సిల్ పట్టుకొచ్చింది. "అసలు సిటీల ఉంటే నకలు ఈడెందుకని ఆడ ఆర్డరిచ్చిన. వచ్చింది చూడు బిడ్డా, ముట్టుకుంటే పూసలు రాలుతున్నయ్" అంటూ ఫోన్ తెరిచి గజాలాకే ఆమె తీసిన ఫోటో చూపించింది.

నేను ఊరుకోలేదు. నమూనా గుడ్డ తెచ్చి ముందర పరిచాను. "ఏందే సుశీలా, నీకు కండ్లు లేవా? ఈ నెమలి చూడు. గా ఫోటోల చెయ్యి చూడు, ఈ పిల్ల చెయ్యి చూడు!"

"అసుంటి ఉంగరాలు చార్మినార్ కాడ మస్తు దొరుకుతయ్ అత్తా. అంత పెద్ద దుకాణపోళ్లకు ఈ పిల్ల ఫోటో ఏం ఖర్మ? ఈమెనే వాళ్లది చూసి కుట్టిందేమో." అని, గజాలా వైపు తిరిగి గొంతు తగ్గించింది. "ఏమనుకోకు బిడ్డా, పెండ్లి నెత్తి మీదికొచ్చింది. దీన్నే అచ్చం ఈ ఫోటోల ఉన్నట్ల మళ్ల కుట్టియ్యి. నీ పేజీల మాత్రం పెట్టకు, వాళ్ల డిజైన్ గద."

గజాలా నావైపు చూసింది. గల్లీలో నా నోటికి జడవనివాళ్లు లేరు. అప్పుడు మాత్రం పరిచిన నమూనా గుడ్డను నేనే మడిచి పక్కన పెట్టాను.

ఆమె ఆ జాకెట్టును మగ్గానికి బిగించింది. జరీ పోగులకు చిక్కుకుంటుందని ఉంగరం తీసి కిటికీలో పెట్టి, రాలుతున్న పూసలను ఒక్కొక్కటే విప్పసాగింది.