కేసు అనే మాట

ఆ తంతి చదవగానే సంగతేమిటో నాకు అర్థమైంది. ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

నేను పి.యు.సి. చదువుతున్న రోజులు. రేపల్లెలో మా చేనుకీ అక్క అత్తవారి చేనుకీ మధ్యనున్న కాలవగట్టు మీద తెనాలి కోర్టులో వ్యాజ్యం నడుస్తోంది. ఆ కోపంతోనే వాళ్లు ఏడో నెల వచ్చినా అక్కను బాపట్ల నుంచి పురిటికి పంపలేదు. బావ అక్కడొక డాక్టరు దగ్గర కాంపౌండరు.

తంతి పొద్దున్నే వచ్చింది. ఇంట్లో ఇంగ్లీషు చదవగలిగింది నేనొక్కదాన్నే. "కేస్ సీరియస్. స్టార్ట్ తెనాలి." కింద బావ పేరు.

"సీరియస్సంటే ఏంటమ్మాయ్, కేసు ముదిరిందనా?" అన్నాడు నాన్న. "వాయిదా ఇంకా ఇరవై రోజులుంటే ఇప్పుడు తెనాలి దేనికంట?"

"ఏ రాజీ కాగితం మీదో సంతకం పెట్టించుకోటానికేమోనండి," అంది అమ్మ.

"ఓహో! కాంపౌండరు మనక్కూడా మందు కలుపుతున్నాడన్నమాట!"

నా డైరీలో ఒక పేజీ నిండా ఆ కేసు అనే మాటే ఉంది. మా ఇంగ్లీషు మేడమ్‌కి కేసంటే విభక్తి. ఆవిడ కళ్లజోడు పెట్టుకునే డబ్బా కూడా కేసే. నాన్నకి కోర్టు. బావకి మనిషి. కిందటి వేసవిలో నేను బాపట్ల వెళ్లినప్పుడు ఆయన అన్నం కలుపుకుంటూ, "ఇవాళ రెండు కేసులొచ్చాయి, ఒకటి పోయింది," అంటే, పాపం కోర్టులో ఓడిపోయారనుకున్నాను. అక్క పొలమారేంతగా నవ్వింది. "పిచ్చి మొహమా, కేసంటే రోగే!"

చెప్పాలని నోటిదాకా వచ్చింది. నాన్న మాటకి ఎదురు చెప్పడం నాకు చేతకాదు. అదొక్కటే కాదు. అక్కను పంపని బావ మీద నాకూ అనుమానమే. ఎవరికి తెలుసు, నిజంగా కోర్టు సంగతేనేమో అని నాకు నేనే చెప్పుకున్నాను. నాన్న ప్లీడరుకి కబురంపి, జవాబు కోసం అరుగు మీద కూర్చున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం బావ పంపిన మనిషి వచ్చి ఆసుపత్రి పేరు చెప్పాకే మేం తెనాలి రైలెక్కాం.

బిడ్డ దక్కలేదు. అక్కకి రక్తస్రావం ఆగడం లేదన్నారు. అమ్మ నర్సు వెంట బయటికి వెళ్లినప్పుడు అక్క కళ్లు తెరిచి, చాలాసేపు నా మొహంలోకే చూసింది. సాయంత్రానికి ఆమె లేదు. నాతో అన్నది ఈ రెండు మాటలే.

"నిన్నంతా గుమ్మం వంకే చూశానే. తంతి చదివింది నువ్వేగా?"