మా డెస్క్‌టాప్ బ్యాటరీ ఎవరు కాజేశారు?

మొన్న శనివారం బస్టాండు దగ్గర మస్తాన్ కంప్యూటర్ షాపులో నా పరువు నా చేతుల్తో నేనే ఎలా తీసుకున్నానో మీ చెవిన పడే ఉంటుంది. తిరువూరులో మాట ఆగుతుందా? ఇంకొకళ్ళు చెబితే దానికి నాలుగు కలిపి చెబుతారు. అందుకే టీ తెప్పించాను, కూర్చోండి. ఉన్నది ఉన్నట్టు నేనే చెబుతాను. మధ్యలో నవ్వారంటే మాత్రం రెండో టీ లేదు!

అసలు తప్పు నాది కాదు. అంటే, చివరికి నాదే అనుకోండి. కానీ అక్కడిదాకా నాకొచ్చిన కోపం మాత్రం న్యాయమైన కోపం.

ఆదివారం గంపలగూడెంలో మా మామగారి షష్టిపూర్తి. మా పద్మ వాళ్ళ నాన్న కోసం ఒక వీడియో చేస్తోంది. పెట్టెల అడుగున ఉన్న పాత ఫోటోలన్నీ తీయించింది. చుట్టాలందరి చేతా ఫోన్లలో తలా నాలుగు మాటలు చెప్పించింది. మామగారికి చిన్నప్పటి స్నేహితుడు ఒకాయన ఉన్నారు, వినగడప రామయ్యగారు. పక్షవాతం వచ్చి మంచంలో ఉన్నారు, ఫంక్షన్‌కి రాలేరు. పద్మ వాళ్ళింటికి వెళ్ళి ఆయన చేత కూడా మాట్లాడించింది. నాలుక సరిగా తిరగదు పాపం, అయినా "ఒరేయ్ కిష్టా" అని పిలిచారట. "ఇది చూస్తే మా నాన్న ఆగలేడండీ" అని పద్మ ముందే ఏడ్చేసింది.

ఇక మిగిలింది ఎక్స్‌పోర్ట్. ఆ ముక్కలన్నిటినీ కలిపి కంప్యూటర్ ఒకే వీడియోగా చేయాలి. మాది పాత డెస్క్‌టాప్ కదా, దానికి గంటలు పడుతుంది. బటన్ నొక్కి దాని మానాన దాన్ని వదిలేయాలి, అంతే.

పద్మ బటన్ నొక్కింది. వంటింట్లోకి వెళ్ళింది. పప్పు దించి వచ్చి చూస్తే కంప్యూటర్ ఆఫ్! మళ్ళీ మొదలెట్టింది. మధ్యాహ్నం నేను భోజనం చేసి వెళ్ళాక చూస్తే మళ్ళీ ఆఫ్! మర్నాడూ అదే వరస. నాకు మన పురుగుమందుల షాపుకి ఫోను.

"ఏవండీ, మీరు తెచ్చిన డబ్బా మళ్ళీ చచ్చింది!"

"మీరు తెచ్చిన" అనే మాట గమనించారా? బాగా నడిచినన్నాళ్ళూ అది మన కంప్యూటర్. ఆగిపోగానే మీరు తెచ్చిన డబ్బా! ఎందుకంటే అది మస్తాన్ దగ్గర నేను దగ్గరుండి అసెంబుల్ చేయించింది. మా బావమరిది వెంకట్ అప్పట్లో "కంపెనీది కొను బావా" అన్నాడు, నేను వినలేదు. ఇప్పుడు వాడు రోజూ ఫోను. "బావా, వీడియో అయ్యిందా? అవ్వకపోతే చెప్పు, ఇక్కడ స్టూడియో వాళ్ళకి ఇచ్చేద్దాం" అంటాడు. ఎంత ఒళ్ళు మండుతుందో చెప్పండి! నా కంప్యూటర్ మీద నమ్మకం లేక మా మామగారి వీడియో స్టూడియోకి వెళ్తే, ఆ ఫంక్షన్‌లో నేను తలెత్తుకుని తిరగగలనా?

ఇంకో వింత. నేను ఇంట్లో ఉన్నంతసేపూ అది నిక్షేపంగా నడుస్తుంది. నేను షాపుకి బయల్దేరాకే ఆగుతుంది. ఈ సంగతి పద్మే కనిపెట్టి చెప్పింది. "చూశావా, మిషనుకి కూడా యజమాని అంటే భయం!" అని మీసం దువ్వుకున్నాను.

ముందు కరెంటు మీద అనుమానం వచ్చింది. మా యూపీఎస్ ఎప్పుడో పోయింది. ఈ వీడియో పని కోసం కంప్యూటర్ని బెడ్‌రూమ్‌లోంచి హాల్లోకి మార్చి, సోఫా వెనకాల గోడకున్న ప్లగ్గుకి నేరుగా తగిలించాం. పక్కింటాయన్ని అడిగితే "మాకు రెప్పపాటు కూడా పోలేదండీ" అన్నాడు. తర్వాత పద్మ మీద అనుమానం వచ్చింది, పైకి అనలేదు. ఆవిడకి స్విచ్‌లంటే లక్ష్యం లేదు. మనిషి లేని గదిలో ఫ్యాను తిరుగుతుంటుంది, పట్టపగలు ట్యూబ్‌లైటు వెలుగుతుంటుంది! మా నాన్న నాకు నేర్పిన చదువు ఒక్కటే, గడప దాటేముందు చెయ్యి స్విచ్ బోర్డు మీద పడాలి. మా ఇంట్లో ఆ చదువు నాతోనే ఆగిపోయింది.

శుక్రవారం నాడు ఇక లాభం లేదని యూట్యూబ్ తెరిచాను. ఒకతను చెబుతున్నాడు. "ఫ్రెండ్స్, మీ సిస్టమ్ తనంతట తాను ఆఫ్ అవుతోందా? పవర్ రిపోర్ట్ తీయండి, జబ్బేంటో అదే చెప్పేస్తుంది." రక్తపరీక్ష లాంటిదన్నమాట. బాగుందనుకుని, అతను చెప్పినట్టే నల్ల బాక్స్ ఒకటి తెరిచి, అక్షరం అక్షరం చూసుకుంటూ టైపు చేసి ఎంటర్ కొట్టాను.

ఏమందో తెలుసా? నాకు పర్మిషన్ లేదట! అడ్మినిస్ట్రేటర్ రావాలట!

ఇల్లు నా పేరున ఉంది. మీటరు నా పేరున ఉంది. కంప్యూటర్ కొన్నది నేను. ఇంకెవరండీ అడ్మినిస్ట్రేటర్? మా వెంకటా?

"అరవకండి. రైట్ క్లిక్ కొట్టి రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ అనండి" అంది పద్మ పక్కనుంచి. అన్నాను. అప్పుడు కాసేపు ఆలోచించి రిపోర్ట్ ఇచ్చింది. తెరిస్తే పైనుంచి కిందదాకా ఎర్రగా ఎర్రర్లు! కీబోర్డ్ నిద్రపోవట్లేదని ఒక ఎర్రర్. మౌస్ నిద్రపోవట్లేదని ఇంకోటి. పనిచేసేవాళ్ళు నిద్రపోవట్లేదని తప్పుబట్టే రిపోర్టు ఎక్కడైనా చూశారా? అసలు కంప్యూటరే నిద్రపోకుండా ఎవరో ఆపేశారని మరో ఎర్రర్.

"అది నేనే పెట్టానండీ, ఎక్స్‌పోర్ట్ మధ్యలో పడుకోకుండా" అంది పద్మ.

అది కాదు, అసలు జబ్బు ఇంకేదో ఉందనుకుని, ఆ యూట్యూబ్ అబ్బాయి చెప్పిన రెండో కమాండ్ కొట్టాను. బ్యాటరీ రిపోర్ట్. అతనికి ఎంచక్కా పేజీలు పేజీలు వచ్చింది. నాకేమో ఒక్క ముక్క ఎర్రర్ వచ్చింది. లైబ్రరీ అంది, డ్రైవ్ అంది, ఇంకేదో అంది, చివర్లో "ఎంప్టీ" అంది.

బ్యాటరీ ఎలా ఉందని అడిగితే ఎంప్టీ అంటే అర్థం ఏంటి? ఉండాల్సిన చోట బ్యాటరీ లేదని!

"డెస్క్‌టాప్‌కి బ్యాటరీ ఏంటండీ?" అంది పద్మ.

"ఏంటంటావేంటి? నా కళ్ళతో చూశాను!" అన్నాను. నిజంగానే చూశాను. పోయినేడాది ఆ కంప్యూటర్లో టైము తప్పు చూపిస్తుంటే మస్తాన్ దగ్గరికి పట్టుకెళ్ళాను. "బ్యాటరీ పోయిందన్నగారూ" అని లోపల కొత్తది వేశాడు, నేను పక్కనే ఉన్నాను. ఆ తర్వాత దుమ్ము దులపమని ఇంకోసారి ఇచ్చాం, అప్పుడు నేను పక్కన లేను. ఇప్పుడు చూస్తే బ్యాటరీ ఎంప్టీ. ఇంకేం అర్థం చేసుకోమంటారు?

పైగా మస్తాన్‌కి నా మీద పాత కోపం ఒకటుంది. అతనికి విస్సన్నపేట దగ్గర కౌలుకి తీసుకున్న మామిడితోట ఉంది. పురుగుమందు మన షాపులోనే కొంటాడు. ఒకసారి "పురుగు చావలేదన్నగారూ" అని వచ్చాడు. నేను రైతులందరికీ చెప్పేదే అతనికీ చెప్పాను. "మందులో తప్పులేదయ్యా మస్తాన్, కొట్టడంలో ఉంది." అది మనసులో పెట్టుకుని నా బ్యాటరీ పీకేశాడని తేల్చేశాను!

శనివారం పొద్దున్నే సీపీయూకి దుప్పటి చుట్టి, స్కూటర్ ముందు నిలబెట్టి, మోకాళ్ళ మధ్య బిగించి బయల్దేరాను. "ముందు నెమ్మదిగా అడగండి. అందులో వీడియో ఉంది, దెబ్బ తగలనివ్వకండి" అని పద్మ గేటుదాకా వచ్చి చెప్పింది. రెండోది విన్నాను. మొదటిది వినలేదు.

షాపు నిండా జనం. నేను సీపీయూని టేబుల్ మీద పెట్టి, అందరికీ వినపడేలా అడిగాను. "ఏమయ్యా మస్తాన్, నా బ్యాటరీ ఎక్కడ?"

"ఏ బ్యాటరీ అన్నగారూ?"

"ఏ బ్యాటరీయా? పోయినేడాది నువ్వే వేశావు, ఈ ఏడాది నువ్వే పీకావు! రిపోర్ట్ తీశాను, ఎంప్టీ అని వచ్చింది! నమ్మి నీ దగ్గర చేయించుకుంటే ఇదా మర్యాద?"

జనం ప్రింట్లు మానేసి మమ్మల్ని చూస్తున్నారు. మస్తాన్ స్క్రూలు విప్పి, మూత తీసి, లోపల వేలు పెట్టి చూపించాడు. రూపాయి బిళ్ళంత గుండ్రంగా ఏదో మెరుస్తోంది.

"ఇదేనండీ మీ బ్యాటరీ. టైము గుర్తుపెట్టుకోడానికి ఉంటది. ఎక్కడికీ పోలేదు. మీ రిపోర్ట్ అడిగేది లాప్‌టాప్ బ్యాటరీ గురించి. డెస్క్‌టాప్‌కి అది ఉండదండీ."

వెనకనుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. నేనా తగ్గేది! "అయితే ఎందుకు ఆగిపోతోంది? బ్యాటరీ కాకపోతే లోపల ఇంకేదో నాసిరకంది వేశావు!" అన్నాను.

"ఇక్కడే తగిలిస్తాను, వీడియో ఇక్కడే అవనివ్వండి. ఆగితే నాది తప్పు" అన్నాడు.

పద్మ ఫోన్లో చెబుతుంటే బటన్ నొక్కాం. గుమ్మం పక్కనున్న రిపేరు టేబుల్ మీద నా కంప్యూటర్ గంటలకొద్దీ నడిచింది. ఆగదే! అది ఆగితే బాగుండునని ఒక మనసు, వీడియో అయిపోతే బాగుండునని ఒక మనసు. ఆకుపచ్చ గీత మెల్లగా పాకి తొంభై దాటింది. నాకు ప్రాణం లేచొచ్చింది. వెంకట్‌కి ఫోన్ చేసి "స్టూడియో గీడియో వద్దు, మా కంప్యూటర్లోనే అయిపోయింది!" అని కాస్త ముందుగానే చెప్పేశాను.

అంతలో మన షాపు నుంచి ఫోను, మందుల లోడు వచ్చిందని. "మస్తాన్, ఇప్పుడే వస్తా" అని లేచి గుమ్మం దాటాను.

ఠప్!

షాపంతా చీకటి. ఫ్యాన్లు ఆగిపోయాయి. లోపల యూపీఎస్‌లన్నీ కీచుకీచుమని ఒకటే గోల. రిపేరు టేబుల్‌కి యూపీఎస్ లేదు. ఆకుపచ్చ గీత మాయం!

నేను గుమ్మంలోనే రెచ్చిపోయాను. "చూశారా! చూశారా! నేను మొదట్నుంచీ కరెంటు మీదే అనుమానపడ్డాను! ఇంకాసేపట్లో అయిపోయేదాన్ని తగలేశారు! ఈ కరెంటు వాళ్ళని..."

చూద్దును కదా, ఎదురుగా టైలర్ షాపులో లైటు వెలుగుతోంది, మిషను టకటకా కుడుతోంది. మస్తాన్ నా మొహం చూడట్లేదు, నా మొహం పక్కకి చూస్తున్నాడు. జనమంతా అటే చూస్తున్నారు. నేనూ తిరిగి చూశాను.

నా అరచెయ్యి గుమ్మం పక్కన స్విచ్ బోర్డు మీద ఉంది. స్విచ్‌లన్నీ వరసగా ఆఫ్.

"అన్నగారూ," అన్నాడు మస్తాన్ చాలా నెమ్మదిగా, "మీ ఇంట్లో హాల్లో బోర్డు ఎక్కడుంటదండీ?"

"గుమ్మం పక్కన."

"కంప్యూటర్ పెట్టిన ప్లగ్గుకి స్విచ్ ఎక్కడుందండీ?"

"దానికి స్విచ్ లేదయ్యా, అది డైరెక్టు..." అని ఆగిపోయాను. మా బోర్డు మీద స్విచ్‌లు నాలుగు. ఒకటి ట్యూబ్‌లైటు, ఒకటి ఫ్యాను, ఒకటి గేటు లైటు. నాలుగోది? ఇల్లు కట్టిన దగ్గర్నుంచీ రోజూ దాన్ని ఆపుతున్నాను, అది దేనిదో ఒక్కరోజూ ఆలోచించలేదు.

పద్మకి ఫోన్ చేశాను. "ఆ సోఫా వెనకాల ప్లగ్గులో ఇస్త్రీపెట్టె పెట్టి, బోర్డు మీద నాలుగో స్విచ్ ఆపి చూడు."

చూసొచ్చి, "ఇస్త్రీపెట్టె లైటు ఆరిపోయిందండీ" అంది. వెంటనే, "అంటే రోజూ మీరు వెళ్తూ నాలుగూ ఒక్క దెబ్బకి ఆపుతున్నారు. నేను వస్తూ నాలుగూ ఒక్క దెబ్బకి వేస్తున్నాను. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అనలేదు!" అంది.

ఈశ్వరుడు పట్టలేకపోయినా మస్తాన్ పట్టేశాడు కదా. స్విచ్‌లు మళ్ళీ వేసి, కంప్యూటర్ ఆన్ చేసి, నా వైపు తిరిగి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అతను ఏమంటాడో నాకు తెలుసు. అననీ, నాకు కావలసిందే అనుకున్నాను.

"మందులో తప్పులేదన్నగారూ," అన్నాడు, "కొట్టడంలో ఉంది."

అప్పుడు నవ్వారు చూడండి జనం! ఎదురుగా టైలర్ కూడా మిషను ఆపి నవ్వాడు. భూమి చీలి నన్ను లోపలికి లాక్కుంటే బాగుండుననిపించింది. జనమంతా వినేలా దొంగతనం అంటగట్టాను కదా, అందరూ ఉండగానే "తప్పయిపోయింది మస్తాన్" అన్నాను. అతను నవ్వి, నాకొక కుర్చీ తెచ్చి షాపు బయట రోడ్డు పక్కన వేశాడు. "వీడియో అయ్యేదాకా ఇక్కడే కూర్చోండి, లోపలికి మాత్రం రాకండి" అన్నాడు. సాయంత్రందాకా ఎండలో కూర్చున్నాను. పోయేవాడూ వచ్చేవాడూ "ఏంటి ఇక్కడ కూర్చున్నారు?" అని అడగడమే. అందుకే కదా ఊరంతా పాకింది.

సరే, వీడియో అయ్యింది. ఆదివారం పెద్ద తెర మీద వేశారు. రామయ్యగారు "ఒరేయ్ కిష్టా" అనగానే మా మామగారు పీటల మీదే కండువా మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చేశారు. పద్మ ఏడ్చింది. నాకూ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అబద్ధం ఎందుకు?

కానీ అంతకుముందు జరిగింది వినండి. హాల్లోకి వెళ్ళగానే వెంకట్ ఎదురొచ్చి, "రా బావా, నీకు స్పెషల్ సీటు" అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాడు. సరిగ్గా హాలు మధ్యలో కుర్చీ. అల్లుడికి మర్యాద ఇలా ఉండాలి అని కాలు మీద కాలేసుకుని కూర్చున్నాను. వీడియో మొదలయ్యాక చుట్టూ చూస్తే తెలిసింది. అటు చూసినా ఇటు చూసినా చేతికందే దూరంలో ఒక్క గోడ లేదు. నాకు చెరోపక్కా బలమైన చుట్టాల్ని ఒక్కొక్కరిని కూర్చోబెట్టారు. గుమ్మం దగ్గర స్విచ్ బోర్డుకి వీపు ఆనించి, వీడియో అయ్యేదాకా వెంకట్ కాపలా నిలబడ్డాడు!

సరే, చీకటి పడింది, షాపు కట్టేద్దాం, లేవండి. స్విచ్‌లు మీలో ఎవరైనా ఆపండి బాబూ. ఏ బోర్డూ ముట్టుకోనని పద్మ నాచేత ఒట్టు పెట్టించుకుంది.